మైక్రోబ్రూవరీలో ఏ బీరుతో మొదలుపెట్టాలి?

బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ లాంటి మైక్రోబ్రూవరీకి (అక్కడే బీరు తయారుచేసి అమ్మే చోటు) మొదటిసారి వెళ్తున్నామని, మెనూ చూస్తే ఏమీ అర్థం కావట్లేదని, ఏ బీరుతో మొదలుపెట్టాలో చెప్పమని ఒకరు అడిగారు. టెన్షన్ అక్కర్లేదు. వెళ్లగానే పెద్ద గ్లాసు చెప్పకండి. చాలాచోట్ల శాంప్లర్ అని చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు ఇస్తారు, అది అడగండి.

తాగే వరస ముఖ్యం. తేలికైనవి ముందు, చేదువీ నల్లవీ చివర. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే చేదు బీరుతో మొదలుపెడితే అందులో వేసే హాప్స్ అనే పువ్వుల చేదు నాలుకను పట్టేసుకుంటుంది, ఆ తర్వాత ఏది తాగినా చప్పగానే ఉంటుంది.

నేనైతే ముందు హెఫెవైజెన్ తీసుకుంటాను. జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన గోధుమ బీరు ఇది. వడకట్టరు కాబట్టి మసగ్గా కనిపిస్తుంది. తాగే ముందు ఒక్కసారి వాసన చూడండి. మగ్గిన అరటిపండు, వెనకాలే లవంగం! నిజానికి అవేవీ అందులో వెయ్యరు. పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించే వాసనలవి. ఇలా చిన్న ఎత్తున తయారుచేసే క్రాఫ్ట్ బీరులో నాకు ఇంతకన్నా ముచ్చటైన విషయం లేదు. స్టౌట్ అనే నల్ల బీరులో కాఫీ వాసన కూడా అలాంటిదే, బార్లీని నల్లగా వేయించడం వల్ల వస్తుంది. బాగా చల్లగా ఉంటే ఆ వాసన తెలియదు, కాబట్టి ఆ గ్లాసును పది నిమిషాలు అలా వదిలేయండి.

మధ్యమధ్యలో మంచినీళ్లు తాగండి. కారం ఎక్కువున్న స్టార్టర్లు శాంప్లర్ అయ్యాకే చెప్పండి. హైదరాబాద్‌లో వెళ్లినా ఇదే పద్ధతి, తెలంగాణలో 21 ఏళ్లు నిండి ఉండాలి. బండి మాత్రం ఇంట్లోనే వదిలేసి క్యాబ్‌లో వెళ్లండి.