పాఠకుల ప్రశ్నలు: ఫొటోల కోసం చిన్న అపో టెలిస్కోపు

నా దగ్గర కానన్ 200డి కెమెరా, స్టార్ అడ్వెంచరర్ 2ఐ ట్రాకర్ (నక్షత్రాల కదలికకు తగ్గట్టు కెమెరాని తిప్పే పరికరం) ఉన్నాయి. ఆండ్రోమెడా, ఒరాయన్ నెబ్యులా తీయాలని ఉంది. 60 మి.మీ. అపో (రంగులన్నిటినీ దాదాపు ఒకేచోట ఫోకస్ చేసే కటకాల టెలిస్కోపు) సరిపోతుందా? ఇంకొంచెం పెట్టి 80 మి.మీ. కొనమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

60 దగ్గరే ఆగండి. మిగిలే డబ్బుతో ఒక చిన్న గైడ్ కెమెరా, గైడ్ స్కోపు (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ ట్రాకింగ్ తప్పుల్ని దిద్దే జత) కొనుక్కోండి.

కంటితో చూడడానికైతే కటకం ఎంత పెద్దదైతే అంత మేలు. ఫొటోకి ముందు చూడాల్సింది ఫోకల్ లెంగ్త్ (కటకం నుంచి బొమ్మ పడే చోటికి దూరం), ఆ తర్వాత దాన్ని మోసే మౌంట్. మీ కెమెరా సెన్సర్ 22.3 × 14.9 మి.మీ. దాన్ని 360 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న గొట్టానికి (జెనిత్‌స్టార్ 61 ఈ కోవలోదే) తగిలిస్తే ఆకాశంలో 3.5 × 2.4 డిగ్రీల మేర పడుతుంది. ఆండ్రోమెడా పొడవు మూడు డిగ్రీలు కాబట్టి ఫ్రేములో హాయిగా ఇముడుతుంది. అదే 600 మి.మీ. ఎవోస్టార్ 80ఈడీ అయితే 2.1 × 1.4 డిగ్రీలే వస్తుంది, గెలాక్సీ రెండు చివరలూ తెగిపోతాయి. ఫోకల్ లెంగ్త్ తగ్గించే 0.85 రెడ్యూసర్ వేసి 510 మి.మీ.కి దించినా రెండున్నర డిగ్రీలు దాటదు.

ఇక పిక్సెల్ లెక్క. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని ఆర్క్ సెకన్లో (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) తెలుస్తుంది. మీ కెమెరా పిక్సెల్ 3.72 మైక్రాన్లు. 360 మి.మీ. దగ్గర 2.1, 600 దగ్గర 1.3 వస్తుంది. ఊళ్లో డాబా మీద నుంచి తీసినప్పుడు గాలి కదలిక వల్లే నక్షత్రం చుక్క రెండు మూడు ఆర్క్ సెకన్లకు ఉబ్బుతుంది. కాబట్టి 1.3 వల్ల మీకు కొత్తగా దొరికే వివరం తక్కువ, ట్రాకింగ్ తప్పులు మాత్రం బాగా బయటపడతాయి.

అసలు చిక్కు బరువు దగ్గర వస్తుంది. మీ ట్రాకర్ మోయగలిగేది 5 కిలోలని కంపెనీ చెప్తుంది. ఫొటోలకి అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు వాడుకోవాలి. 61 మి.మీ. గొట్టం ఒకటిన్నర కిలోల దగ్గర ఉంటుంది. ఫ్లాటెనర్ (ఫొటో మూలల్లో కూడా నక్షత్రాలు చుక్కల్లా వచ్చేలా చేసే కటకం), కెమెరా, గైడ్ స్కోపు కలిపితే రెండున్నర. 80ఈడీ గొట్టమే రెండున్నర కిలోల పైన తూగుతుంది, అన్నీ తగిలించాక నాలుగు దాటుతుంది. అది గాలికి ఊగుతుంది, 30 సెకన్ల ఫ్రేముల్లో కూడా సగం పారెయ్యాల్సి వస్తుంది. పైగా 61 గొట్టం ఎఫ్/5.9, 80ఈడీ ఎఫ్/7.5 (ఫోకల్ లెంగ్త్‌ని కటకం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె ఇది). మొదటిదానితో గంటలో వచ్చే వెలుగు రెండోదానితో రావడానికి గంటన్నర పైనే పడుతుంది.

రేపు పది కిలోలు మోసే గోటూ మౌంట్ (అడిగిన వస్తువు వైపు తనే తిరిగేది) కొన్నాక 80 గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా 60ని అమ్మేయకండి.

80 మి.మీ. ఎఫ్/5 అక్రోమాట్ (మామూలు గాజు కటకాల టెలిస్కోపు) అపో ధరలో నాలుగో వంతుకే దొరుకుతోంది. వంగపండు రంగు అంచులు సాఫ్ట్‌వేర్‌లో తీసేసుకోవచ్చు కదా?
– హనుమకొండ

రంగు తీసేయవచ్చు, వాపు పోదు. మామూలు అక్రోమాట్‌లో ఆకుపచ్చ ఒకచోట ఫోకస్ అయితే ఎరుపు, నీలం దానికి ఫోకల్ లెంగ్త్‌లో రెండువేలో వంతు వెనకాల పడతాయి. 400 మి.మీ. గొట్టంలో అది 0.2 మి.మీ., అంటే 200 మైక్రాన్లు. ఎఫ్/5 దగ్గర ఫోకస్ ఇటూ అటూ అయినా చెల్లే హద్దు సుమారు 67 మైక్రాన్లే. ఆకుపచ్చకి సరిగ్గా ఫోకస్ చేసినా నీలం 40 మైక్రాన్ల వెడల్పు మచ్చగా, అంటే పది పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. బొంగరంలా ఉబ్బిన ఆ నీలాన్ని సాఫ్ట్‌వేర్‌తో చెరిపితే కృత్తికల చుట్టూ ఉండే అసలైన నీలి మబ్బు కూడా దానితోపాటే పోతుంది. ఊదా రంగుని ఆపే ఫిల్టర్‌తో కూడా ఇదే కథ.

ఒక్క మినహాయింపు ఉంది. మోనో (నలుపు-తెలుపు) కెమెరాతో హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ (హైడ్రోజన్ మబ్బుల ఎరుపుని మాత్రమే లోపలికి రానిచ్చేది) ఒక్కటే వేసి తీసేవారికి అక్రోమాట్ బాగానే పనిచేస్తుంది. ఒకే రంగు వచ్చే చోట రంగుల గొడవ ఉండదు.

ఎఫ్‌పీఎల్-51, ఎఫ్‌పీఎల్-53, డబ్లెట్, ట్రిప్లెట్ – వీటిలో దేన్ని చూసి కొనాలి? "అపో" అని రాసి ఉంటే చాలదా?
– కాకినాడ

చాలదు. ఆ మాట గొట్టం మీద ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అడిగేవారు లేరు.

ఎఫ్‌పీఎల్ అంకెలు గాజు రకాల పేర్లు. డబ్లెట్ అంటే ముందు రెండు కటకాలు, ట్రిప్లెట్ అంటే మూడు. గాజు రంగుల్ని ఎంత తక్కువగా విడదీస్తుందో ఆబీ సంఖ్య చెబుతుంది, ఎక్కువైతే మంచిది. మామూలు బీకే7 గాజుకి 64, ఎఫ్‌పీఎల్-51కి సుమారు 81.5, ఎఫ్‌పీఎల్-53కి 95, ఫ్లోరైట్ స్ఫటికానికీ 95. ఎఫ్‌సీడీ100 కూడా 53కి సాటే, పేరు వేరని వదులుకోకండి. అయితే ఇలాంటి ఈడీ (రంగుల్ని తక్కువగా విడదీసే) గాజు పక్కన జతగా ఏ గాజు పెట్టారు, ఎంత నేర్పుగా సానపట్టారు, ఎంత నిటారుగా బిగించారు అన్నవి కూడా అంతే ముఖ్యం. వాటిని ప్రకటనల్లో రాయరు.

ఆచరణలో ఇలా చూసుకోండి. 60 మి.మీ., ఎఫ్/6 వరకు ఎఫ్‌పీఎల్-53 డబ్లెట్ చాలు. 80 మి.మీ.లో ఎఫ్/7.5 అయితే డబ్లెట్ ఫరవాలేదు, ఎఫ్/6 కావాలంటే ట్రిప్లెట్‌కి వెళ్లాలి. ఎఫ్/6లో ఎఫ్‌పీఎల్-51 డబ్లెట్ అయితే ప్రకాశవంతమైన నీలి నక్షత్రాల చుట్టూ ఉంగరం తప్పదు. ట్రిప్లెట్ బరువెక్కువ, బయటి వేడికి సర్దుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది, కొరియర్‌లో కుదుపులకు కటకాల అమరిక చెదిరే అవకాశమూ ఎక్కువే.

స్ట్రెల్ (కటకం ఎంత నిర్దోషమో చెప్పే అంకె, 1 అయితే లోపమే లేనట్టు) 0.95 అని కాగితం ఇస్తే ఏ రంగులో కొలిచారో అడగండి. చాలాసార్లు అది ఆకుపచ్చలో కొలిచిందే అయివుంటుంది. మీరే పరీక్షించాలంటే బాహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ సరిచూసుకునే, చీలికలున్న మూత) పెట్టి అభిజిత్ లాంటి తెల్లని నక్షత్రాన్ని తీసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా చూడండి. మూడింటిలోనూ నడిమి గీత ఒకేచోట ఉంటే కటకం మంచిది. నీలంలో పక్కకి జరిగితే ఎంత జరిగిందో అంత లోపం.

సోనీ మిర్రర్‌లెస్ కెమెరా, 70 మి.మీ. డబ్లెట్ వాడుతున్నాను. ఫ్లాటెనర్ వేశాక కూడా మూలల్లో నక్షత్రాలు సాగుతున్నాయి. ఫ్లాటెనర్ పాడైందంటారా?
– హైదరాబాద్

పాడవ్వలేదు, దూరం తప్పి ఉంటుంది. చాలా ఫ్లాటెనర్లకు వెనక మర నుంచి సెన్సర్ వరకు 55 మి.మీ. ఉండాలి (మీ దానికి ఎంతో దాని కాగితంలో చూడండి, కొన్నిటికి వేరే అంకె ఉంటుంది). కానన్ డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ 44 మి.మీ. లోపల ఉంటుంది, 11 మి.మీ. టీ-రింగ్ (కెమెరాని గొట్టానికి బిగించే రింగు) కలిస్తే సరిగ్గా 55. సోనీ ఈ-మౌంట్‌లో అది 18 మి.మీ. మాత్రమే, అంటే మీ అడాప్టర్ 37 మి.మీ. పొడవుండాలి. పాత కానన్ టీ-రింగ్‌కి ఏదో ఒక కన్వర్టర్ తగిలించి వాడుతుంటే స్కేలు పెట్టి కొలవండి. కానన్ ఆర్ఎఫ్ వారికి 35, నికాన్ జెడ్ వారికి 39 కావాలి. మధ్యలో ఫిల్టర్ ఉంటే దాని మందంలో మూడో వంతు అదనంగా కలపాలి: 2 మి.మీ. ఫిల్టర్‌కి 0.7 మి.మీ.

అంకె కుదిరినా చివరి మాట నక్షత్రాలదే. గొట్టాన్ని నడినెత్తికి తిప్పి, ఫోకస్ చేసి, 30 సెకన్ల ఫ్రేము తీయండి. నాలుగు మూలల్లోనూ నక్షత్రాలు మధ్య నుంచి బయటికి చిమ్మినట్టు సాగితే సాధారణంగా సెన్సర్ దగ్గరైందని అర్థం, 0.5 మి.మీ. రింగు కలపండి. మధ్య బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు సాగితే దూరమైంది, తగ్గించండి. ప్రతి మార్పుకీ మళ్లీ ఫోకస్ చెయ్యాలి, అది మరిచిపోతే పరీక్షంతా వృథా.

ఒక్క మూలే చెడితే అది దూరం కాదు, వంపు. కెమెరాని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. ఫొటోలో అదే మూల చెడితే తప్పు కెమెరా, అడాప్టర్ల వైపు ఉంది. చెడ్డ మూల మారితే ఫోకసర్ వైపు. చౌక గొట్టాల్లో కెమెరా బరువుకి ఫోకసర్ కుంగడం మామూలే. లాక్ స్క్రూ బిగించినప్పుడు బొమ్మ జరిగిందంటే దొంగ దొరికినట్టే.

ఈ గొడవంతా వద్దనుకునేవారికి ఫ్లాటెనర్ లోపలే ఇమిడిన పెట్జ్‌వాల్ గొట్టాలున్నాయి. రెడ్‌క్యాట్ 51 అలాంటిదే: 250 మి.మీ., ఎఫ్/4.9. మొదటి గొట్టంగా మేం ఎక్కువమందికి ఈ రకాన్నే సూచిస్తాం.

ఇలాంటి చిన్న అపోతో గురుగ్రహాన్ని కూడా తీయొచ్చా?
– అనంతపురం

360 మి.మీ. గొట్టంలో, గురుగ్రహం బాగా దగ్గరగా ఉన్నప్పుడు కూడా సెన్సర్ మీద పాతిక పిక్సెళ్లకు మించదు. దానికి వేరే టెలిస్కోపు కావాలి.

సముద్రానికి దగ్గర్లో ఉంటాం. రాత్రి పదయ్యేసరికి కటకం మీద మంచు పట్టేస్తోంది. ఫంగస్ భయం కూడా ఉంది.
– విశాఖపట్నం

12 వోల్టుల డ్యూ హీటర్ పట్టీ కొనండి. 60 మి.మీ. గొట్టానికి 5 వాట్లు చాలు, ఆరు గంటలకు రెండున్నర ఆంపియర్-అవర్లు తీసుకుంటుంది. పట్టీని ముందుండే హుడ్ చివర కాకుండా కటకం బిగించిన చోట గొట్టానికి చుట్టాలి. మంచు పట్టాక ఆన్ చేస్తే ఆరడానికి చాలాసేపు పడుతుంది, మొదటి నుంచీ సన్నగా వేసి ఉంచండి.

ఏసీ గదిలోంచి నేరుగా డాబా మీదికి తెచ్చి మూత తీస్తే గాజు వెంటనే చెమర్చుతుంది. పెట్టెలో ఉండగానే బయట అరగంట, ముప్పావుగంట ఉంచి తరువాత తెరవండి. తిరిగి లోపలికి తెచ్చాక తడి గాజుని గుడ్డతో తుడవకండి, తడి మీద మూత పెట్టకండి. ఫంగస్ పుట్టేది అక్కడే. పూర్తిగా ఆరాక, 40–50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటర్ పెట్టినా సరిపోతుంది. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. సముద్రపు గాలికి గాజు మీద ఉప్పు పొర కడుతుంది, బ్లోయర్‌తో ధూళి ఊదాకే లెన్స్ ద్రవం ముట్టించండి.

డాలస్‌లో ఉంటాను. మార్చిలో తిరుపతి వస్తూ 61 మి.మీ. అపో, ఈక్వటోరియల్ మౌంట్ (అక్షాన్ని ధ్రువం వైపు గురిపెట్టి వాడేది) తెచ్చుకుంటున్నాను. డాలస్‌లో కనబడనివి ఏం తీయొచ్చు? జాగ్రత్తలేమిటి?
– డాలస్

డాలస్‌లో ధ్రువ నక్షత్రం 33 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, తిరుపతిలో పద్నాలుగు కూడా ఉండదు. మౌంట్‌ని అంత కిందికి వంచితే కౌంటర్‌వెయిట్ కడ్డీ ముక్కాలిపీట కాలికి తగిలే వీలుంది. బయల్దేరే ముందే అక్కడ 14 డిగ్రీలకు వంచి, కడ్డీని పూర్తిగా తిప్పి చూసుకోండి. తగిలితే పొట్టి పియర్ ఎక్స్‌టెన్షన్ (మౌంట్‌ని కాళ్ల కన్నా పైకెత్తే గొట్టం) కావాలి. ఇక్కడ ఉత్తర దిక్కున చెట్టో, డాబానో ధ్రువాన్ని కప్పేయడం మామూలే. నైనా సాఫ్ట్‌వేర్‌లో మౌంట్‌ని ధ్రువానికి గురిపెట్టే మూడు బిందువుల పద్ధతికి ధ్రువ నక్షత్రం కనబడక్కర్లేదు, అది నేర్చుకుని రండి.

మార్చిలో కరీనా నెబ్యులా దొరుకుతుంది. డాలస్‌లో అది దిగంతం దాటి పైకే రాదు, తిరుపతిలో సుమారు 17 డిగ్రీల వరకు లేస్తుంది. ఒమెగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం అక్కడ పది డిగ్రీల లోపే, ఇక్కడ 29. రెండూ దక్షిణాన్ని దాటే గంట ముందు మొదలుపెట్టి, దాటాక గంటకు ఆపేయండి.

కరీనా ఫొటోలో నక్షత్రాలకు ఒక అంచున నీలం, ఎదుటి అంచున ఎరుపు కనిపిస్తే గొట్టాన్ని తప్పుపట్టకండి. అంత కింద గాలే పట్టకంలా పనిచేసి నీలాన్నీ ఎరుపునీ మూడు ఆర్క్ సెకన్ల మేర విడదీస్తుంది, మీ కెమెరాలో అది ఒకటిన్నర పిక్సెళ్లు కావచ్చు. స్టాక్ చేశాక (ఫ్రేములన్నిటినీ ఒకటిగా కలిపాక) మూడు రంగుల ఛానెళ్లను విడదీసి, సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చితే పోతుంది.