హైదరాబాద్ ఎండల్లో రైజెన్ 5600ఎక్స్‌ను బయోస్ నుంచి ఓవర్‌క్లాక్ చేయొచ్చా?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో టెర్రస్ మీద పెంట్‌హౌస్ గదిలో ఉంటున్నాను. రైజెన్ 5 5600ఎక్స్, బీ550 మదర్‌బోర్డ్, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన కూలరే వాడుతున్నాను. బ్లెండర్ (త్రీడీ సాఫ్ట్‌వేర్) రెండర్లు త్వరగా అవ్వాలని ఓవర్‌క్లాక్ చేద్దామనుకుంటున్నా, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువలో నడపాలని. ఒక వీడియోలో 4.7 గిగాహెర్ట్జ్, 1.35 వోల్ట్‌లు పెట్టమన్నారు. ప్రాసెసర్ కాలిపోదు కదా?

జవాబు:

కాలిపోదు. మరీ వేడెక్కితే ప్రాసెసర్ స్పీడు తగ్గించుకుంటుంది, అదీ చాలకపోతే సిస్టం ఆఫ్ అయిపోతుంది. అయినా సరే, ఆ 4.7, 1.35 అంకెలు మీ గదిలో పెట్టొద్దు. నాదీ 5600ఎక్సే. మల్కాజిగిరిలో పై అంతస్తులో ఉంటాం, వీడియో ఎడిటింగ్ పని, సిస్టం రోజంతా నడుస్తూనే ఉంటుంది. మన ఊళ్ళో ఈ ప్రాసెసర్ నుంచి ఎక్కువ పని రాబట్టాలంటే వోల్టేజ్ పెంచకూడదు, తగ్గించాలి. ఎందుకో చెప్తాను.

ప్రాసెసర్ తాగే కరెంటు స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ విషయంలో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. ఉదాహరణకి అన్ని కోర్లూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పని చేసే భాగాలు) 4.4 గిగాహెర్ట్జ్, 1.2 వోల్ట్‌ల దగ్గర నడుస్తున్నాయనుకోండి. దాన్ని 4.7, 1.35కి తీసుకెళ్తే స్పీడు పెరిగేది 7 శాతం లోపే. వోల్టేజ్ వర్గం దాదాపు 27 శాతం పెరుగుతుంది, రెండూ కలిపితే కరెంటు ఖర్చు 35 శాతం ఎక్కువవుతుంది. పది నిమిషాల రెండర్‌లో మీకు మిగిలేది నలభై సెకన్లు. దానికోసం మూడో వంతు వేడి అదనంగా బయటికి తోయాలి, అదీ డబ్బాలో వచ్చిన ఆ చిన్న రైత్ స్టెల్త్ కూలర్‌తో. అయ్యే పని కాదు.

పైగా చేత్తో ఒక స్పీడు, ఒక వోల్టేజ్ పెట్టి లాక్ చేస్తే, చిప్ ఎప్పటికప్పుడు వేడి చూసుకుని, లోడ్ చూసుకుని వోల్టేజ్ సర్దుకునే ఏర్పాటు పక్కకు తప్పుకుంటుంది. మామూలుగా ఐతే ఒక్క కోర్ మీదే పని ఉన్నప్పుడు అది 4.6 వరకు దానంతట అదే వెళ్తుంది. బ్రౌజర్, వర్డ్, చిన్న గేములు అన్నీ ఆ ఒక్క కోర్ స్పీడు మీదే ఆధారపడతాయి. అందుకే చాలామందికి ఆల్-కోర్ ఓవర్‌క్లాక్ చేశాక తేడా తెలియదు. చిప్ ఒక్క రోజులో చావదు గానీ, వోల్టేజ్, వేడి రెండూ ఎక్కువగా ఉండి నెలల తరబడి నడిస్తే మెల్లగా అరిగిపోతుంది. నిరుడు ఆడుతూ పాడుతూ నిలబడ్డ స్పీడు ఈ ఏడు క్రాష్ అవుతుంది.

ఇప్పుడు ఎండ సంగతి. ఎక్కువ వీడియోల్లో ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు ఏసీ గదిలోనో, చలిదేశంలోనో కూర్చుని ఉంటారు. గాలితో చల్లబడే కూలర్ ఏదైనా గదిలో ఉన్న వేడి కంటే చల్లగా చేయలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబర్ రాత్రి 22 డిగ్రీల గదిలో 78 చూపించి మీకు ధైర్యం ఇచ్చిన సెట్టింగే, మే నెల మధ్యాహ్నం స్లాబ్ కింద 37 డిగ్రీల్లో 93 చూపిస్తుంది. 5600ఎక్స్ పరిమితి 95. పెంట్‌హౌస్ గదిలో ఉన్నవాళ్ళకి ఇది అందరికంటే ఎక్కువ వర్తిస్తుంది, ఆ గదులు సాయంత్రం ఏడింటికి కూడా చల్లబడవు. అందుకే నా దగ్గర ఏ సెట్టింగైనా ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి, ఏసీ లేకుండా నిలబడితేనే పాస్ అయినట్టు.

బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగుల్లోకి, వెళ్ళే ముందు రెండు పనులు. మొదటిది కూలర్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. ప్రాసెసర్‌ని ముట్టుకోకుండా ఇదొక్కటి మార్చినా బూస్ట్, అంటే చిప్ దానంతట అదే పెంచుకునే స్పీడు, ఎక్కువసేపు నిలబడుతుంది. పాత కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త: మీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ గట్టిపడితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు ఏదైనా బరువైన పని నడిపి వేడెక్కించండి. తర్వాత సిస్టం ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి లేపండి. క్యాబినెట్ ముందు జాలీ కూడా తీసి చూడండి. ఎక్కడో ఓచోట బిల్డింగ్ కడుతూనే ఉంటారు కాబట్టి మన దగ్గర ఆ జాలీ నెలకే బూడిద రంగు దుప్పటిలా అయిపోతుంది.

రెండోది బయోస్ అప్‌డేట్. మీ బోర్డ్ కంపెనీ సైట్‌లో ఉన్న తాజాది, బీటా అని లేనిది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెట్టండి. గాలివాన వచ్చే సాయంత్రాల్లో మాత్రం చేయొద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డ్ లేవకపోవచ్చు. యూపీఎస్ ఉంటే దాని మీదే చేయండి.

ఇక అసలు పని. సిస్టం ఆన్ అవుతుండగా డెల్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్ళండి. అడ్వాన్స్‌డ్ మోడ్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ అనే మెనూ ఉంటుంది. తెరిస్తే వారంటీ గురించి హెచ్చరిక వచ్చి యాక్సెప్ట్ చేయమంటుంది. అది ఊరికే పెట్టిన మాట కాదు, ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టం వారంటీలోకి రాదని ఏఎండీ స్పష్టంగానే చెప్తుంది. ఒప్పుకుంటేనే ముందుకు వెళ్ళండి. లోపల బూస్ట్ హద్దులు మార్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ని అడ్వాన్స్‌డ్‌లో పెట్టండి. అక్కడ లిమిట్స్ అని మూడు అంకెలు ఉంటాయి: పీపీటీ (మొత్తం పవర్), టీడీసీ (ఎక్కువసేపు తీసుకోగల కరెంటు), ఈడీసీ (క్షణకాలం తీసుకోగల కరెంటు). 5600ఎక్స్‌కి కంపెనీ పెట్టినవి 76 వాట్లు, 60 ఆంప్‌లు, 90 ఆంప్‌లు. పాత కూలరే ఉంటే వీటిని కదపొద్దు. టవర్ కూలర్ వేశాక పీపీటీ 95 దాకా పెంచుకోవచ్చు. మదర్‌బోర్డ్ లిమిట్స్ అనే ఆప్షన్ కనిపిస్తుంది, దాన్ని ఎంచుకుంటే ఆ గేట్లన్నీ ఎత్తేసినట్టే, ఎండాకాలం మనకది వద్దు. అదే మెనూలో ప్లాట్‌ఫాం థర్మల్ థ్రాటిల్ లిమిట్ ఉంటే 85 అని టైప్ చేయండి. ఎంత ఎండ ఉన్నా అంతకు మించి వేడెక్కకుండా చిప్ తనే వెనక్కి తగ్గుతుంది.

ఇప్పుడు కర్వ్ ఆప్టిమైజర్. అన్నిటికంటే విలువైనది ఇదే. ప్రతి స్పీడుకీ ఇంత వోల్టేజ్ కావాలని ఫ్యాక్టరీలో ఒక పట్టిక రాసి పంపుతారు. అందులో ఏ చిప్‌కైనా సరిపోయేలా కాస్త ఎక్కువే వేస్తారు. ఆ ఎక్కువని మనం వెనక్కి తీసుకుంటాం. ఆల్ కోర్స్, నెగటివ్, 10 పెట్టి సేవ్ చేయండి. ఒక్కో మెట్టుకి దాదాపు 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు తగ్గుతాయి, కనిష్ఠం మైనస్ 30. వోల్టేజ్ తగ్గితే అదే 76 వాట్లలో ఎక్కువ స్పీడు పడుతుంది. నా సిస్టంలో వేడి తగ్గుతూనే ఆల్-కోర్ స్పీడు పెరిగింది. బూస్ట్ ఓవర్‌రైడ్‌లో 200 మెగాహెర్ట్జ్ వరకు అదనంగా ఇవ్వొచ్చు గానీ అది ఇప్పుడే వద్దు. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలి, లేకపోతే క్రాష్ దేనివల్లో పట్టుకోలేరు.

టెస్ట్ దగ్గర చాలామంది తొందరపడతారు. సినీబెంచ్ అనే టెస్ట్ అరగంట నడిచింది, ఇంక స్టేబుల్ అనుకుంటారు. కర్వ్ ఆప్టిమైజర్‌లో మరీ ఎక్కువ తగ్గిస్తే సాధారణంగా బరువైన పనిలో క్రాష్ కాదు, ఖాళీగా ఉన్నప్పుడు క్రాష్ అవుతుంది. ఎందుకంటే ఒక్క కోర్ ఎగిరి 4.6 అందుకునే క్షణంలోనే వోల్టేజ్ చాలదు. పాటలు వింటూ, పేజీ స్క్రోల్ చేస్తూ ఉంటే హఠాత్తుగా రీస్టార్ట్ అవుతుంది. దీనికి కోర్‌సైక్లర్ అనే ఉచిత టూల్ ఉంది, ఒక్కో కోర్‌ని విడివిడిగా ప్రైమ్95 అనే బరువైన లెక్కల ప్రోగ్రాంతో పరీక్షిస్తుంది. రాత్రంతా వదిలేయండి. పక్కన హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే టూల్ తెరిచి టెంపరేచర్, వోల్టేజ్ చూసుకోండి. వోల్టేజ్ ఆటో సెట్టింగ్‌లో ఉన్నప్పుడు తేలికపాటి పనికి 1.4 పైన వోల్టేజ్ కనిపిస్తే కంగారుపడొద్దు, ఒక్క కోర్ బూస్ట్‌కి అది మామూలే. అన్ని కోర్ల మీదా బరువు ఉన్నప్పుడు కూడా చేత్తో 1.35 పెట్టి ఉంచడం వేరే సంగతి.

రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ చూడండి. కెర్నల్-పవర్ 41 (సిస్టం హఠాత్తుగా ఆగిందనే నమోదు) ఒక్కటే ఉంటే అది కరెంటు వల్ల కూడా కావచ్చు. మన ఇళ్ళలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కూడా సిస్టం రీస్టార్ట్ అవుతుంటుంది, దానికి ప్రాసెసర్‌ని తప్పుపట్టకండి. పక్కనే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ 18 (హార్డ్‌వేర్ తప్పు నమోదు) కనిపిస్తే మాత్రం కోర్‌కి వోల్టేజ్ చాలలేదని అనుకోవాలి. అది తెరిస్తే ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. సాధారణంగా 0, 1 అంటే మొదటి కోర్, 2, 3 అంటే రెండోది, అలా. బయోస్‌లో ఆల్ కోర్స్ బదులు పర్ కోర్ ఎంచుకుని, ఆ ఒక్క కోర్‌ని మైనస్ 10 నుంచి మైనస్ 5కి తీసుకురండి. మిగతావి అలాగే ఉంచొచ్చు. చిప్‌లో అన్నిటికంటే మంచి కోర్లే ముందు మొండికేస్తాయి, ఎక్కువ స్పీడుకు వెళ్ళేవి అవే కాబట్టి.

ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆన్ చేశారో లేదో చూసుకోండి, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అంటారు. ఆన్ చేయకపోతే 3600 ర్యామ్ కొని 2133లోనో 2666లోనో వాడుతున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను. దీన్ని ప్రాసెసర్ సెట్టింగులతో కలపకుండా ముందే చేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి. ర్యామ్ తేడా చేస్తే ఫైళ్ళే చెడిపోతాయి.

సేవ్ చేశాక స్క్రీన్ రాకపోతే టెన్షన్ పడకండి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టం పవర్ సప్లై) వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బోర్డ్ మీద క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో పది సెకన్లు కలపండి. అన్నీ మొదటికి వస్తాయి. పిన్నులు కనిపించకపోతే బోర్డ్ మీది సీఆర్2032 బ్యాటరీ తీసి కొన్ని నిమిషాల తర్వాత పెట్టండి.

ఇంటెల్ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: స్పీడు పెంచాలంటే పేరు చివర కే ఉన్న ప్రాసెసర్, జెడ్ సిరీస్ బోర్డ్ రెండూ ఉండాలి. బీ760 బోర్డుల్లో ర్యామ్ స్పీడు వరకే పెంచుకోవచ్చు. 13, 14వ తరం ఐ7, ఐ9 లాంటి పెద్ద చిప్‌లైతే ఓవర్‌క్లాక్ ఆలోచన కంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. వోల్టేజ్ మితిమీరి చిప్‌లు పాడవుతున్నాయని తేలాక ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) సవరణలు ఇచ్చింది. పాత బయోస్‌తో నడిపే ప్రతిరోజూ నష్టమే.

చివరగా మీ రెండర్ల సంగతి. 5600ఎక్స్‌లో గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి మీ సిస్టంలో విడిగా ఒక కార్డు తప్పకుండా ఉంది. బ్లెండర్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, సిస్టం లోపల సైకిల్స్ రెండర్ డివైసెస్ అని ఉంటుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డైతే అక్కడ ఆప్టిక్స్ ఎంచుకుని, రెండర్ ప్రాపర్టీస్‌లో డివైస్‌ని జీపీయూ కంప్యూట్‌కి మార్చండి, అప్పుడు రెండర్ పని ప్రాసెసర్ బదులు గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది. ప్రాసెసర్‌ని ఎంత పిండినా వచ్చేది పది శాతం లోపే, ఈ ఒక్క మార్పుతో రెండర్ టైమ్ సగానికి పైగా తగ్గవచ్చు. బయోస్ తెరిచే ముందు ఇవాళే అది చూడండి.