అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వం మీద పొరుగు రాష్ట్రంవాడు దావా వేయవచ్చా?

వేయవచ్చనే నేనూ అనుకున్నాను, మంచు తోసే లారీ నా కారు అద్దాన్ని ఊడదీసుకు పోయేదాకా.

నాలుగేళ్ల కిందట పొరుగు రాష్ట్రంలో మా బావమరిది ఇంటికి వెళ్లి, రాత్రి కారును రోడ్డు పక్కన ఆపాను. తెల్లవారేసరికి మోకాలి లోతు మంచు. ఎడమవైపు తలుపు అప్పడంలా నలిగిపోయింది. అద్దం పది గజాల అవతల దొరికింది. ఎదురింటి పెద్దాయన కిటికీలోంచి అంతా చూశాడట. "ప్రభుత్వం బండి" అని వేలు చూపించి లోపలికి వెళ్లిపోయాడు. సాక్ష్యం చెప్పమని అడగడానికి వెళితే తలుపే తీయలేదు. మరమ్మతు ఖర్చు 1,840 డాలర్లు. బీమా కంపెనీ బాధ వేరే రామాయణం, దాన్ని ఇక్కడ ఎత్తను.

ఫెడరల్ కోర్టుకే, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుకే, వెళతానని ఎగిరాను. లాయరు మిత్రుడు నవ్వాడు. "75,000 డాలర్లు దాటని ఇలాంటి తగాదాను అక్కడ గుమ్మమే ఎక్కనివ్వరు. దాటినా నిన్ను రానివ్వకూడదని రాజ్యాంగంలోనే రాసిపెట్టారు" అని పదకొండో సవరణ చూపించాడు. ఒక రాష్ట్రం మీద వేరే రాష్ట్రాల పౌరులు గానీ విదేశీయులు గానీ వేసే దావాలకు ఫెడరల్ న్యాయాధికారం వర్తించదట. నాది భారత పాస్‌పోర్టు. అంటే 1795లోనే నా కోసం ఒక మాట వేసి ఉంచారన్నమాట!

ఆ సవరణ పుట్టుక ఇంకా చోద్యం. దక్షిణ కరోలినా వ్యాపారి రాబర్ట్ ఫర్కర్ 1777లో, స్వాతంత్ర్య యుద్ధ సమయంలో, జార్జియాకు 1,69,613 డాలర్ల పైచిలుకు సరుకు ఇచ్చాడు. డబ్బు అందకుండానే చనిపోయాడు. మా ఏజెంట్లకు ఇచ్చేశాం, వాళ్లను అడుక్కోండి అని జార్జియా చేతులు దులుపుకుంది. వీలునామా అమలుదారు చిషోమ్ సుప్రీం కోర్టుకెక్కాడు. ఆయన తరఫున వాదించినది సాక్షాత్తు దేశ అటార్నీ జనరల్ ఎడ్మండ్ రాండోల్ఫ్, అదీ ప్రైవేటు వకీలుగా. జార్జియా వాదనకే రాలేదు. 1793 ఫిబ్రవరిలో నలుగురు న్యాయమూర్తులు దావా చెల్లుతుందన్నారు, ఐరెడెల్ ఒక్కడే కాదన్నాడు. రాష్ట్రానికీ పరరాష్ట్ర పౌరులకూ మధ్య వివాదాలు ఫెడరల్ కోర్టులవేనని రాజ్యాంగం మూడో అధికరణంలో అచ్చంగా ఉంటే, ఐరెడెల్ ఎందుకు తడబడ్డాడో నాకు అర్థం కాదు.

ఇక చూడండి రభస. ఆ తీర్పును అమలు చేయబోయేవాడిని ఉరితీయాలని జార్జియా దిగువ సభ ఏకంగా బిల్లే ఆమోదించింది! ఎగువ సభ దాన్ని చట్టం కానివ్వలేదు. సార్వభౌమత్వం, గౌరవం అని పెద్ద మాటలు చెప్పారు గానీ, నన్నడిగితే అసలు భయం యుద్ధకాలపు బాకీలే. 1794 మార్చిలో కాంగ్రెసు సవరణను పంపితే, ఏడాది తిరగకుండానే చాలినన్ని రాష్ట్రాలు ఆమోదించేశాయి. ఎగ్గొట్టడంలో ఉన్న ఐకమత్యం ఇంకెందులోనూ ఉండదు.

సవరణలో సొంత రాష్ట్ర పౌరుల ఊసే లేదు. అయినా 1890లో లూసియానా బాండ్ల మీద వడ్డీ అడిగిన హాన్స్ అనే లూసియానా వాసినే కోర్టు వెనక్కి పంపింది. అనుకూలంగా ఉంటే అక్షరం, లేకపోతే అంతరార్థం.

మన దగ్గర మేలు అనను గానీ, ఆంధ్రప్రదేశ్ అధికారులు 1975లో పట్టుకున్న ఎరువులు వాళ్ల చేతుల్లోనే పాడైపోతే, వ్యాపారి నాగేంద్రరావుకు నష్టం కట్టాల్సిందేనని మన సుప్రీం కోర్టు 1994లో చెప్పింది. ఆ పంతొమ్మిదేళ్లూ ఆయన ఎలా గడిపాడో మరి.

అడిగినదానికి జవాబు: మామూలుగా రాష్ట్రం తనంతట తాను ఒప్పుకున్న మేరకే వేయవచ్చు. చాలా రాష్ట్రాలు అలా ఒప్పుకుంటూ చట్టాలు చేసుకున్నాయి, అయితే ముందుగా నోటీసు ఇవ్వాలి, దానికి గడువు ఉంటుంది. ఆ గడువును మొదటి రోజే చూసుకోండి. ఈ చరిత్ర అంతా చదివి, తీరిగ్గా నేను పంపిన ఫారం గడువు దాటిన పదకొండో రోజున చేరింది.