వంద మీటర్లలో ముందు, పదహారు వందల్లో వెనుక

ప్రశ్న: కానిస్టేబుల్ ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమవుతున్నాను. 100 మీటర్ల పరుగులో మా గ్రౌండులో నాదే పైచేయి. 1600 మీటర్లలో మాత్రం మొదటి రౌండు 80 సెకన్లలో ముగించినా, మూడో రౌండుకు తొడలు మండిపోయి నడవవలసి వస్తోంది. నాది వేగానికి పనికొచ్చే కండ అనీ, దూరం నావల్ల కాదనీ స్నేహితులు అంటున్నారు. లాక్టిక్ ఆమ్లమే దీనికి కారణమా? పరుగుకు ముందు గ్లూకోజు పొడి తింటే మేలు జరుగుతుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ స్నేహితుల మాటలో కొంత నిజం లేకపోలేదు గాని, మీ ఇబ్బందికి అసలు కారణం ఆ 80 సెకన్ల మొదటి రౌండే.

కండరం ముడుచుకోవడానికి నేరుగా వాడుకునే ఇంధనం ఏటీపీ ఒక్కటే. అది కండరంలో రెండు మూడు సెకన్లకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది కనుక, ఖర్చయినదాన్ని శరీరం ఎప్పటికప్పుడు మళ్లీ తయారు చేసుకోవాలి. మొదటి మార్గమైన ఫాస్ఫోక్రియేటిన్, అంటే కండరంలోనే నిల్వ ఉండే ఒక పదార్థం, ఈ పనిని అన్నిటికంటే వేగంగా చేస్తుంది, కానీ పూర్తి వేగంతో పరుగెత్తితే సుమారు 10 సెకన్లలోనే చాలావరకు తరిగిపోతుంది. మీరు 100 మీటర్లలో రాణిస్తున్నది ప్రధానంగా దాని బలంతోనే. రెండో మార్గంలో కండరంలోని గ్లైకోజెన్ (నిల్వ ఉన్న గ్లూకోజు) ఆక్సిజన్ అవసరం లేకుండా విరిగి, లాక్టేట్‌గా (మీరు లాక్టిక్ ఆమ్లం అంటున్నది దీన్నే) మారుతుంది. మూడోది ఆక్సిజన్‌తో నడిచే మార్గం. ఒక గ్లూకోజు అణువు నుంచి రెండో మార్గంలో 2 ఏటీపీలు మిగిలితే, ఇందులో దాదాపు 30 వస్తాయి, కాకపోతే ఇది పూర్తిగా ఊపందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఒకటి ఆగాక మరొకటి మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడూ మొదటి అడుగు నుంచే పనిచేస్తాయి, వాటి వాటాలను నిర్ణయించేది మీ వేగం.

ఏడెనిమిది నిమిషాల పరుగులో శక్తిలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆక్సిజన్ మార్గం నుంచే రావాలి. మీరేమో ఆ మార్గం ఇంకా పుంజుకోకముందే, రెండో మార్గాన్ని దాని హద్దు వరకూ లాగేస్తున్నారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఓరుగల్లు ప్రాంతపు జీవంజి దీప్తి 400 మీటర్లను 55.82 సెకన్లలో పూర్తిచేసి కాంస్యం గెలిచారు. ఆ పోటీలో రెండో రౌండు కోసం దాచుకోవలసిందేమీ ఉండదు, మీకు మాత్రం ఇంకా మూడు రౌండ్లు మిగిలి ఉంటాయి. ఏడున్నర నిమిషాల్లో ముగించాలంటే రౌండుకు 112 సెకన్లు చాలు.

ఇక కండ సంగతి. నాటుకోడిని కోసినప్పుడు తొడ మాంసం ముదురు రంగులోనూ, రొమ్ము మాంసం తెల్లగానూ ఉండడం మీరు చూసే ఉంటారు. రోజంతా నడిచే కాళ్లలో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్, ఆక్సిజన్‌తో ఏటీపీ తయారు చేసే మైటోకాండ్రియా నిండిన నెమ్మది తంతువులు (నెమ్మదిగా ముడుచుకునే కండర పోగులు) ఎక్కువ. ఒక్క ఉదుటున రెక్కలు కొట్టే రొమ్ములో వేగ తంతువులు ఎక్కువ. మనుషుల్లో ఈ రెండూ ఒకే కండరంలో కలిసి ఉంటాయి, వాటి పాళ్లలో వారసత్వానికి వాటా ఉంది. తేలికపాటి పనికి మెదడు ముందుగా నెమ్మది తంతువులనే పిలుస్తుంది, బలం ఎక్కువ కావలసి వచ్చినప్పుడే వేగ తంతువులు తోడవుతాయి. వేగ తంతువుల్లో ఒక రకం సాధనతో అలసటను తట్టుకునే రకంగా మారుతుంది కూడా. కాబట్టి మీకు దూరం పరుగు రాదన్న తీర్పును నేను ఒప్పుకోను.

లాక్టేట్‌ను నిందించడం పాత అలవాటు. గుండె, నెమ్మది తంతువులు దాన్నే ఇంధనంగా వాడుకుంటాయి. తీవ్రమైన పరుగులో కండరంలో ఆమ్లత్వమూ, ఫాస్ఫేటూ పెరగడం ఆ మంటకు, పట్టు సడలడానికి ఎక్కువ కారణం. మర్నాటి నొప్పులకు లాక్టేట్‌తో సంబంధమే లేదు. అది గంటా గంటన్నరలో రక్తం నుంచి తొలగిపోతుంది.

వారంలో మూడు నాలుగు రోజులు, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా అరగంటకు పైగా పరుగెత్తండి. ఒక రోజు 400 మీటర్లను పరీక్ష వేగంతో, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ నాలుగైదు సార్లు చేయండి. 100 మీటర్ల సాధనకు వేరే రోజు కేటాయించి, ఫాస్ఫోక్రియేటిన్ తిరిగి నిండడానికి పరుగుకూ పరుగుకూ మధ్య మూడు నాలుగు నిమిషాలు ఆగండి. పరుగులో ఛాతీ నొప్పి గాని, కళ్లు తిరగడం గాని ఉంటే సాధన ఆపి వైద్యుణ్ణి కలవండి. రోజూ సరిగా భోజనం చేసేవారి కండరాల్లో 1600 మీటర్లకు కావలసినదానికంటే ఎన్నో రెట్లు గ్లైకోజెన్ ఉంటుంది కనుక, గ్లూకోజు పొడికి డబ్బు పెట్టవలసిన పనిలేదు.