తాగుడు మానాలనుకునేవారి సమావేశాలను ఎలా వెతుక్కోవాలి?

ముందుగా ఆల్కహాలిక్స్ అనానిమస్ వెబ్‌సైట్ చూడండి. 1935లో అమెరికాలో మొదలైన ఈ సంస్థకు ఇప్పుడు చాలా దేశాల్లో బృందాలున్నాయి. వెబ్‌సైట్‌లోని సమావేశాల జాబితాలు ఒక్కోసారి పాతబడి ఉంటాయి కనుక, బయలుదేరే ముందు ఫోను చేసి వేళ కనుక్కోవడం మేలు. దగ్గరలో ఏదీ లేకపోతే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి.

మొదటిసారైతే ‘ఓపెన్’ అని రాసి ఉన్న సమావేశానికి వెళ్లండి. దానికి ఎవరైనా రావచ్చు, తోడుగా ఇంట్లోవాళ్లనూ తీసుకెళ్లవచ్చు. ‘క్లోజ్డ్’ అని ఉంటే మానాలనుకునేవారికి మాత్రమే ప్రవేశం. రుసుము లేదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు. చందా డబ్బా ఒకరి చేతి నుంచి ఒకరికి వెళుతుంది, అందులో డబ్బు వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. మాట్లాడే వంతు మీదాకా వస్తే ‘ఈరోజు వింటాను’ అంటే చాలు. ఒక బృందం నచ్చలేదని మొత్తం ప్రయత్నమే వదిలేయకండి. బృందానికీ బృందానికీ తీరు చాలా మారుతుంది.

తాగుడు మానడానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ వారు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది. అది పడనివారికి, దేవుడి ప్రస్తావన లేకుండా ఇలాంటి సమావేశాలే నడిపే స్మార్ట్ రికవరీ అనే సంస్థ నయమనిపించవచ్చు. తాగేవారి కుటుంబసభ్యులకు అల్-అనాన్ అనే సంస్థ వేరుగా ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం: రోజూ బాగా తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు. సమావేశం సంగతి తర్వాత, ముందు డాక్టరును కలవండి.