ఏ చెయ్యి?

బరంపురం

అమ్మాయికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళు తడిశాయి, రెండోసారి ఒళ్ళు మండింది. భార్య ముద్దలు కలిపి పెడుతుంటే చెయ్యి పోయిన నీ కూలీ గోడవైపు తిరిగి తినడం బాగుంది. పొగడ్త ఇంతే.

1919లో బియ్యం మిల్లులో చెయ్యి పోయిన కూలీకి నీ వకీలు పరిహారం చట్టం కింద డబ్బు ఇప్పించాడు. ఏ చట్టం తల్లీ? అది 1923లో పుట్టింది, 1924 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ‘ప్రమాదమని తెలిసే చేరాడు, తప్పు తోటి కూలీది’ అని యజమాని చేతులు దులుపుకోగలిగేవాడు. కేంద్ర శాసనసభలో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషీ కూలీల తరఫున ఏళ్ళ తరబడి వాదించాడు. మన బరంపురంలోనే పుట్టిన వి.వి. గిరి రైల్వే కార్మికుల సంఘాలు కట్టాడు. నీ కథలో వాళ్ళ నీడ కూడా లేదు. చట్టం ఆకాశం నుంచి ఊడిపడింది.

కూలీ కథ రాసేవాళ్ళకు ఏడుపు కన్నా ముందు లెక్క రావాలి. ఆ చట్టం చివర ఒక పట్టిక ఉండేది. సంపాదించే శక్తిలో ఎంత పోయినట్టో అందులో కట్టారు. మోచెయ్యి దాకా పోతే కుడిచేతికి నూటికి 70, ఎడమచేతికి 60. బొటనవేలికి 25, చూపుడువేలికి 10, మిగతా వేళ్ళకు తలా 5. 1955లో మిల్లు బెల్టులో పడి మా నాన్న ఉంగరపువేలు పోయింది. షావుకారు బస్తా నూకలు పంపాడు. నాన్న ఆ 5 అడగనే లేదు, అలాంటిది ఉందని ఆయనకు తెలిస్తే గదా! అది కథగా రాస్తే ఒక పత్రిక సంపాదకుడు ‘కథలో అంకెలేమిటి’ అని 5 కొట్టేసి, ఆ చోట మా అమ్మ చేత ఏడిపించాడు. మా అమ్మ ఆరోజు ఏడవలేదు. నూకలు చెరుగుతూ కూర్చుంది. నలభై ఏళ్ళయినా ఆ పెద్దమనిషిని క్షమించలేదు.

జబ్బు సంగతి నువ్వు ఎత్తనే లేదు. తెగిన చేతికి చట్టం వచ్చిన పాతికేళ్ళకు గాని జ్వరానికి రాలేదు. కూలీల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో, ఈఎస్ఐ అనే ఆ బీమా చట్టం 1948లో. ఆ బీమా 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ఆ మాట తర్వాత. భార్య తినిపించింది కాబట్టి పోయింది కుడిచెయ్యి అనుకున్నాను. చివరి పేజీలో అతను కుడిచేత్తో చెంబు అందుకున్నాడు. ఏ చెయ్యో తేల్చి మళ్ళీ పంపు.