నొప్పి బిళ్లల వల్లే కాలికి ప్రాణాంతక ఇన్ఫెక్షన్ వచ్చిందా?

ప్రశ్న: మాది చంద్రగిరి. మా నాన్నగారికి 58 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. శ్రీవారి మెట్టు మీదుగా నడిచి తిరుమల వెళ్లి వచ్చాక మోకాలు, పిక్క నొప్పిగా ఉన్నాయని మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్లలు తెచ్చుకుని వేసుకున్నారు. కొద్దిరోజులకే ఆ కాలు వాచి, చర్మం నల్లబడింది. తిరుపతి ఆసుపత్రిలో నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అని చెప్పి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. ఆ బిళ్లల వల్లే ఇదంతా జరిగిందని బంధువులు అంటున్నారు. నిజమేనా? మా అమ్మ కూడా మోకాళ్ల అరుగుదలకు డాక్టర్ రాసిచ్చిన అవే బిళ్లలు వాడుతోంది. ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ నాన్నగారు ప్రాణాపాయం నుంచి బయటపడటం ఎంతో ఊరట కలిగించే విషయం. ఈ జబ్బులో ఆపరేషన్ ఆలస్యమైన ప్రతి గంటా ప్రమాదాన్ని పెంచుతుంది కాబట్టి, ఆయన్ను సకాలంలో ఆసుపత్రికి చేర్చిన మీ కుటుంబం చాలా మంచి పని చేసింది.

ముందుగా స్పష్టంగా చెప్పవలసింది ఏమిటంటే, ఈ ఇన్ఫెక్షన్ బిళ్లలోంచి రాదు. చర్మం కింద ఉండే కొవ్వు పొరలోకి, కండరాలను కప్పి ఉంచే పొరలోకి బ్యాక్టీరియా చొరబడి, అక్కడి కణజాలాన్ని వేగంగా చంపేయడమే ఈ జబ్బు. కొందరిలో గ్రూప్ ఎ స్ట్రెప్టోకోకస్ అనే ఒకే రకం సూక్ష్మజీవి, షుగర్ ఉన్నవారిలో తరచుగా పలు రకాలు కలిసి దీనికి కారణమవుతాయి. అవి లోపలికి వెళ్లడానికి చిన్న గాయం చాలు. శ్రీవారి మెట్టులో రెండు వేలకు పైగా మెట్లు ఉన్నాయి, భక్తులు వాటిని చెప్పులు లేకుండానే ఎక్కుతారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ముల్లు గుచ్చుకున్నా, అరికాలు బొబ్బ కట్టి చిట్లినా తెలియకపోవచ్చు. మీ నాన్నగారి విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: నడక తర్వాత పాదం మీద, వేళ్ల సందుల్లో ఎవరైనా పరిశీలనగా చూశారా?

అయితే మీ బంధువుల అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయడం కూడా సరికాదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మందులకూ తీవ్రమైన ఇన్ఫెక్షన్లకూ సంబంధం ఉందా అన్న చర్చ వైద్యరంగంలో చాలాకాలంగా సాగుతోంది. ఆటలమ్మ సోకిన పిల్లలపై 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ బారిన పడినవారిలో ఐబుప్రొఫెన్ వాడినవారు ఎక్కువగా కనిపించారు. కానీ వారిలో చాలామందికి ఆ మందు మొదలుపెట్టింది ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపించిన తర్వాతే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ జబ్బు తొలి లక్షణమే నొప్పి. నొప్పి వచ్చినవారు నొప్పి బిళ్ల వేసుకుంటారు. రెండు రోజుల తర్వాత జబ్బు బయటపడితే, ముందు వేసుకున్న బిళ్లే కారణమని అనిపిస్తుంది. మీ నాన్నగారి పిక్క నొప్పి నడక వల్ల వచ్చిన అలసటా, అప్పటికే లోపల మొదలైన ఇన్ఫెక్షనా అన్నది తేలితే తప్ప బిళ్లను దోషిగా నిలబెట్టలేము.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది మరొకటి. ఈ మందులు జ్వరాన్ని, నొప్పిని, ఎరుపును తగ్గిస్తాయి. అంటే మనల్ని ఆసుపత్రికి పరుగెత్తించవలసిన లక్షణాలనే కప్పిపుచ్చుతాయి. ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2019లో ఐబుప్రొఫెన్, కీటోప్రొఫెన్ మందులపై ఇటువంటి హెచ్చరికే జారీ చేసి, ఆటలమ్మ ఉన్నప్పుడు వాటిని వాడవద్దని చెప్పింది. కాబట్టి బిళ్లలు మీ నాన్నగారికి జబ్బు తెచ్చి ఉండకపోయినా, దాన్ని గుర్తించడంలో కొంత ఆలస్యానికి కారణమై ఉండవచ్చు. చర్మం పైకి మామూలుగానే ఉన్నా భరించలేనంత సలుపు ఉండటం, వాపు గంటగంటకూ పాకడం, చర్మం ఊదా రంగుకు తిరగడం, బొబ్బలు లేవడం, ఉన్నట్టుండి అక్కడ స్పర్శ పోవడం, మనిషి మత్తుగా అయిపోవడం – వీటిలో ఏది కనిపించినా మరో బిళ్ల వేసి చూద్దామనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మీ సందేహం తీరాలంటే ఒక కాగితం మీద తేదీలు రాయండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, వాపు మొదట ఎవరి కంట పడింది, మొదటి బిళ్ల ఆ వాపుకు ముందా తర్వాతా, రోజుకు ఎన్ని వేసుకున్నారు, మధ్యలో ఎక్కడైనా ఇంజెక్షన్ చేయించారా అన్నవి అందులో ఉండాలి. ఇంజెక్షన్ వేసిన చోటే ఇన్ఫెక్షన్ మొదలైతే అది పూర్తిగా వేరే విచారణ. ఆ కాగితంతో పాటు డిశ్చార్జి సమ్మరీ, కల్చర్ రిపోర్టు (ఏ సూక్ష్మజీవి సోకిందో తెలిపే పరీక్ష ఫలితం), చేరిన రోజు షుగర్ ఎంత ఉందన్న వివరం తీసుకుని ఆపరేషన్ చేసిన సర్జన్‌ను కలవండి. మందుపై అనుమానం మిగిలితే జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం వారి ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు రోగి బంధువులు కూడా తెలియజేయవచ్చు. ఫిర్యాదు చేయడానికి మందు తప్పు రుజువు కానవసరం లేదు, అనుమానం చాలు.

మీ అమ్మగారు భయంతో బిళ్లలు ఆపవలసిన పని లేదు. అయితే ఆమెకు షుగర్, బీపీ, కడుపులో పుండు, కిడ్నీ సమస్య వంటివి ఉన్నాయో లేదో ఆ మందు రాసిన డాక్టరుకు చెప్పి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి, రోజూ వాడవలసిన అవసరం ఇంకా ఉందేమో అడగండి. జ్వరం వచ్చినప్పుడు, కాలికి పుండు పడినప్పుడు, ఒంట్లో ఎక్కడైనా వాపు, ఎరుపు కనిపించినప్పుడు మాత్రం డాక్టరును సంప్రదించేదాకా ఆ బిళ్ల వేసుకోవద్దని చెప్పండి.